మైకక్క సొంత మాట

మా బస్టాండులో ఆవిడ అసలు పేరు జీతాల గుమాస్తాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. అందరికీ మైకక్కే. రెండు మలుపులు తిరిగే మెట్లెక్కి పైకి వెళ్ళగానే ఎదురుగా ఒక అద్దాల గది ఉంటుంది. అందులో కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తోందో, ఏది బయలుదేరబోతోందో మైకులో చెప్పడం ఆవిడ పని. చిన్నతనంలోనే చూపు పోయింది. కంట్రోలు గది వాళ్ళు ఫోనులో చెప్పింది చెప్పినట్టు, అక్షరం తగ్గించకుండా, అక్షరం కలపకుండా, ప్రతి వాక్యమూ రెండేసి సార్లు చెబుతుంది. జలుబైనా జ్వరమైనా గొంతు మాత్రం ఒకటే తీరు.

ఆ గదికి సరిగ్గా కింద, మెట్ల వారన, నా సామాన్ల గది. పెట్టెలూ మూటలూ మోసుకు తిరగలేని ప్రయాణికులు నా దగ్గర పెట్టి చీటీ తీసుకుని పోతారు. తెగిపోయిన సంచులకూ మూతపడని పెట్టెలకూ తాడు కట్టి ఇవ్వడం కూడా నా పనే. నడుముకు ఎప్పుడూ తాళాల గుత్తి వేలాడుతుంటుందని మైకక్క నాకు తాళాలమ్మ అని పేరు పెట్టింది. ఆవిడ పెట్టాక ఇంకేముంది, ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి మేనేజరు దాకా అందరికీ అదే పేరయింది.

మైకు కట్టేసిందంటే మాత్రం ఆ నోటికి పట్టపగ్గాలుండవు. టీలో నీళ్ళెక్కువయ్యాయని టీ కొట్టాయన్ని నిలదీస్తుంది. ఒక మేనేజరు కొత్తగా వస్తే, మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడు విని, "ఈయన ఇక్కడ నిలిచే రకం కాదే" అని తేల్చేసింది. నేను కొత్త చీర కట్టుకుని వెళితే కొంగు వేళ్ళతో నలిపి చూసి, "గంజి దట్టించి అంటగట్టారు నీకు, ఒక్క ఉతుకుతో తేలిపోతుంది" అంది. తేలిపోయింది కూడా, అదీ నా మంట. ఏ విషయం మీదైనా సరే ఆవిడకొక అభిప్రాయం ఉంటుంది, అది మనం వినే తీరాలి.

అలాంటి మనిషి సొంత అభిప్రాయం చెప్పమన్న పరీక్షలో మూడుసార్లు బోల్తాపడిందంటే ఎవరైనా నమ్ముతారా?

ఉద్యోగం చేసుకుంటూనే ఇంట్లో చదివి డిగ్రీ పరీక్షలు రాసింది. అన్నీ గట్టెక్కాయి. ఇంగ్లీషులో ఒక్క పేపరు మిగిలిపోయింది. అందులో ఎప్పుడూ చూడని కథ ఒకటి ఇస్తారు. దాన్ని చదివి, అందులో పైకి చెప్పనిది ఏముందో, ఎందుకలా రాశారో విశ్లేషిస్తూ వ్యాసం రాయాలి. మైకక్క ప్రతిసారీ విశ్లేషణ మానేసి కథనే తిరిగి అప్పజెప్పి వచ్చేది. ఫలానా ఆయన వచ్చాడు, ఫలానా ఆవిడ వెళ్ళిపోయింది. రాకలూ పోకలూ, అంతే.

ఈలోగా పిడుగులాంటి కబురొచ్చింది. మైకక్క చేసే పని చేయడానికి యంత్రం తెస్తున్నారట. మీట నొక్కితే దానంతటదే చెబుతుందట. మేనేజరు పైకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే మాట్లాడాడు. "డిగ్రీ చేతికొస్తే హెడ్డాఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర సీటు ఇప్పించగలనమ్మా. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు." యంత్రం వచ్చేలోగా మిగిలింది ఒక్క పరీక్షే. ఇది తప్పితే ఉద్యోగం పోయినట్టే.

"పోనీలే అక్కా, తమ్ముడున్నాడుగా" అన్నాను ఓదార్పుగా.

"ఉన్నాడు. మంచివాడు. మరదలు ఇంకా మంచిది, అదే నా బాధ. 'మీరు కూర్చోండి వదినా' అంటూ చేతిలో గిన్నె కూడా లాగేసుకుంటుంది. అలా కూర్చోబెట్టి పూజ చేస్తే బతికినన్నాళ్ళూ ఎలా కూర్చోనే? నావల్ల కాదు" అంది. ఎప్పుడూ లేనిది, గొంతు కొంచెం వణికింది.

ఆవిడ చెబుతుంటే రాయడానికి పరీక్షలో ఒక మనిషి కావాలి. ఆ మనిషి చుట్టమై ఉండకూడదు, ఆవిడకంటే తక్కువ చదువుకుని ఉండాలి, కానీ ఇంగ్లీషు రాయగలగాలి. నేను ఇంటర్‌తో ఆపేశాను. చదువు తక్కువైందని నన్ను వెతుక్కుంటూ వచ్చింది నా జన్మలో అదొక్కసారే. సరేనన్నాను. ఆ సరేనన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు.

మధ్యాహ్నం బస్సులు పలచబడ్డాక పైగదిలో కూర్చునేవాళ్ళం. ఆవిడ పాత ట్యూషన్ మాస్టారు అప్పుడప్పుడూ వచ్చి కథలున్న కాగితాలు ఇచ్చి పోయేవారు. పాపం ఆయనది ఒకటే మొర. "కథ చెప్పకమ్మా. కథ గురించి నీకేమనిపించిందో చెప్పు."

"నాకేమనిపిస్తే ఎవడిక్కావాలి మాస్టారూ! ఉన్నది చెప్పాలి గానీ."

ఆయన తల పట్టుకునేవారు. నేనైతే పళ్ళు నూరేదాన్ని. నా చీర గురించి, టీ గురించి, మేనేజరు బూట్ల గురించి అడక్కుండానే చెప్పే మనిషికి కథ గురించి అడిగితే నోట్లో నాలుక ఉండదా? ఒకరోజు మొహం మీదే అడిగేశాను.

అప్పుడు చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వానరోజు మైకులో తనంతట తానుగా ఒక ముక్క కలిపిందట, "మెట్ల దగ్గర జారుతోంది, చూసుకుని దిగండి" అని. అప్పటి మేనేజరు పైకొచ్చి, "నిన్ను చెప్పమన్నది బస్సుల సంగతి. నీ సలహాలు ఎవరడిగారు?" అని అందరి ముందూ దులిపేశాడట. అంతే. ఆనాటి నుంచి ఎదురుగా మైకున్నా, పై అధికారి ఉన్నా, పరీక్ష ఉన్నా, ఆవిడ నోట సొంత మాట రాదు. గొంతు దానంతటదే బస్సుల గొంతైపోతుంది.

విని జాలిపడ్డాను, నిజమే. కానీ జాలితో పరీక్ష పాసవుతుందా? మర్నాటికల్లా మళ్ళీ విసుగు మొదలైంది.

అందులోనూ కథ చదివి వినిపించేది నేనే. ఊరికే చదవడం నాకు చేతకాదు. ఏడుపు దగ్గర ఏడుస్తాను, కోపం దగ్గర అరుస్తాను.

"అబ్బబ్బ, రసం పిండకే! తిన్నగా చదువు" అనేది. "నీ ఏడుపు నాకెందుకు? వాళ్ళ ఏడుపు విననీ."

"నేను చదివితేనే కదా వాళ్ళు ఏడ్చేది!"

"అదే వద్దంటున్నా. నువ్వెక్కడ ఏడిస్తే నా బుర్ర అక్కడే ఆగిపోతోంది."

ఇలా రోజూ కాట్లాటే. పరీక్ష గట్టెక్కితే ఈవిడ హెడ్డాఫీసుకు పోతుంది, నా ప్రాణం హాయిగా ఉంటుంది అనుకునేదాన్ని. పైకి కూడా అనేశాను. "నాకూ అదే కావాలి, నీ ఇంగ్లీషు వినే బాధ తప్పుతుంది" అంది ఆవిడ.

పరీక్షనాడు మాకు కాలేజీ వెనకవైపు ల్యాబు పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. గోడ వారన విరిగిన స్టూళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. మూలన కుళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. కాపలాకు కూర్చున్న కుర్ర మాస్టారు జలుబుతో ముక్కు చీదుకుంటూ ముందే హెచ్చరించాడు. "ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయాలి. మీ మాట ఒక్కటి కలిసినా పేపరు చెల్లదు. మీలో మీరు మాట్లాడుకోకూడదు."

"ముందా కుళాయి సంగతి చూడండి బాబూ" అంది మైకక్క.

కుళాయి కట్టినా కారుతూనే ఉంది.

కథ ఒక పేజీయే. కూతురికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వాళ్ళుండేది మేడ మీద చివరి అంతస్తు. కూతురు తన పెట్టెకు రాత్రే తాడు కట్టుకుంది, తండ్రిని చెయ్యి పెట్టనివ్వలేదు. పొద్దున తండ్రి పెట్టె భుజానికెత్తుకున్నాడు. కూతురు ముందు నడుస్తోంది. మొదటి మలుపు దగ్గర తాడు ఊడింది. తండ్రి పెట్టె దించి, మళ్ళీ కట్టాడు. రెండో మలుపు దగ్గర మళ్ళీ ఊడింది. మళ్ళీ కట్టాడు. మూడో మలుపు దగ్గరా అంతే. కూతురు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. వీధిలోకి వచ్చాక తండ్రి తాడు లాగి చూసి, "ఇంక ఊడదు" అన్నాడు. కూతురు బండెక్కి వెళ్ళిపోయింది. ఇందులో మనుషులు చెప్పనిది తాడు ఏం చెబుతోందో సోదాహరణంగా చర్చించమని ప్రశ్న.

చదువుతుంటేనే నాకు ప్రాణం లేచొచ్చింది. అయ్యో, ఇంత తేలికైన కథా! ఆ ముసలాయన కూతుర్ని వదల్లేక తాడు వంకతో ఆలస్యం చేస్తున్నాడు. చంటిపిల్లకైనా తెలుస్తుంది. ఆ సంగతి మైకక్క చెవిన పడాలని తండ్రి మాటల దగ్గర నా గొంతులో ఉన్న దుఃఖమంతా గుమ్మరించి చదివాను.

"రాయి" అంది మైకక్క. తర్వాత వచ్చింది బస్సుల గొంతు! ఇంగ్లీషులోనే, కానీ అచ్చం మైకులో చెప్పినట్టే. పెట్టెతో సహా తండ్రి మరికొద్దిసేపట్లో మొదటి మలుపు దగ్గరకు చేరుకోబోతున్నాడు. పెట్టెతో సహా తండ్రి మరికొద్దిసేపట్లో మొదటి మలుపు దగ్గరకు చేరుకోబోతున్నాడు.

నా కలం ఆగిపోయింది. కుర్ర మాస్టారి వైపు చూశాను. "చెప్పింది చెప్పినట్టు" అన్నాడాయన చేతిరుమాలు చాటునుంచి. ఏం చేస్తాను! రెండుసార్లూ రాశాను. తండ్రి రెండో మలుపుకు చేరుకున్నాడు, రెండుసార్లు. కూతురు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది, రెండుసార్లు. పేజీలు నిండిపోతున్నాయి, టైము కరిగిపోతోంది, విశ్లేషణ మాత్రం సున్నా. ఒళ్ళు మండిపోయింది. ఓసి మహాతల్లీ, ఆ మైకు ఇక్కడ లేదే, ఇక్కడున్నది నేనే అని అరవాలనిపించింది. అరిస్తే పేపరు పోతుంది. నడుము దగ్గర తాళాల గుత్తిని గట్టిగా ఒక్కసారి కుదిపాను. ఘల్లుమంది.

మైకక్క ఠక్కున ఆగిపోయింది. మా బస్టాండులో ఎవరైనా పిచ్చిగా వాదిస్తే నేను చేసే పని అదే, ఆవిడకు తెలుసు.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు కుర్ర మాస్టారు.

"తాళాలండీ, సర్దుకుంటున్నాను" అన్నాను.

ఆ తర్వాత మైకక్క మామూలు గొంతుతో, నా చీర గంజి చీర అన్న గొంతుతో అంది. "కథ మళ్ళీ చదువు. మొదటి వాక్యం నుంచి. తిన్నగా."

ఈసారి కోపంతో చదివాను కాబట్టి తిన్నగానే వచ్చింది. నా ఏడుపూ లేదు, రాగమూ లేదు, చీటీ మీద నంబరు చదివినట్టు చదివేశాను.

"ఆగు. తాడు కట్టింది ఎవరన్నావు? ఆ ముక్క మళ్ళీ చదువు."

చదివాను. కూతురు రాత్రే కట్టుకుంది, తండ్రిని చెయ్యి పెట్టనివ్వలేదు.

"ఇప్పటిదాకా రాసిందంతా కొట్టెయ్" అంది.

అన్ని పేజీలా? "అంతా" అంది మళ్ళీ. పేజీకొక అడ్డగీత చొప్పున కొట్టేశాను. సగం టైము ఎప్పుడో దాటిపోయింది. సరే, ఇప్పటికైనా ఆ తండ్రి ప్రేమ గురించి చెబుతుంది కదా అని కలం పట్టుకుని కాచుక్కూర్చున్నాను.

"నాకేమనిపిస్తోందంటే" అని మొదలుపెట్టింది. ఆ మాట ఇంగ్లీషులో ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. "తాడు కథను మొదలుపెట్టింది తండ్రి కాదు, కూతురు. మొదటి మలుపు దగ్గర ఊడింది ఆమె కట్టిన ముడి. తండ్రిని చెయ్యి పెట్టనివ్వకుండా తానే వదులుగా కట్టింది. వెళ్ళాలని లేదని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. తండ్రికది మొదటి మలుపులో అర్థమైంది. ఆ తర్వాత ఊడినవన్నీ ఆయన కట్టిన ముళ్ళు."

కలం విసిరికొట్టాలనిపించింది. ఇదేం విడ్డూరం! ఎవరైనా కావాలని వదులుగా కడతారా? ఎన్నేళ్ళుగా తాళ్ళు కడుతున్నాను, నాకు తెలియదా? ముడి వదులైతే చేతకాక అవుతుంది, తాడు పాతదైతే అవుతుంది. ఉద్యోగానికి వెళ్ళే పిల్ల తన పెట్టెకు తానే దొంగముడి వేసుకుంటుందా? దిద్దేవాళ్ళు తండ్రి ప్రేమ కోసం వెతుకుతారు, అది కనబడక సున్నా చుడతారు, ఈవిడ వెళ్ళి మరదలి ఇంట్లో కుర్చీలో కూర్చుంటుంది. ఇదంతా నాకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. కలం నా చేతిలో ఉంది. రెండు మాటలు మార్చి రాస్తే ఆవిడకు తెలిసే దారి లేదు. కానీ ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మనిషి నోరు తెరిచింది. ఆ వానరోజు మేనేజరు చేసిన పని నేనూ చేయనా? పళ్ళ బిగువున చెప్పింది చెప్పినట్టు రాశాను.

గంట కొట్టేసరికి వాక్యం మధ్యలో ఉన్నాం. కుర్ర మాస్టారు పేపరు లాక్కున్నాడు.

కాలేజీ గేటు దాటగానే విరుచుకుపడ్డాను. "ఏమక్కా నీకేమైనా పిచ్చా? ఆ ముసలాయన ఆలస్యం చేశాడని నాలుగు ముక్కలు రాస్తే పోయేదానికి!"

"నువ్వు అంత ఏడుస్తూ చదివావు కాబట్టి నీకు ముసలాయనే కనబడ్డాడు."

"ఎవరే... ఎవరక్కా కావాలని వదులుగా కట్టేది? ఒక్కళ్ళని చూపించు!"

"నువ్వు కట్టేది ఎవరెవరి పెట్టెలో. నీ వాళ్ళ పెట్టె ఎప్పుడైనా కట్టావా?" అంది.

ఫలితాలొచ్చేదాకా ఇదే దెబ్బలాట. పైనుంచి ఫోను చేసి మరీ పోట్లాడేది. చివరికి ఫలితం రానే వచ్చింది. అత్తెసరు మార్కులతో, చావు తప్పించుకున్నట్టు పాసయింది. తమ్ముడు పరుగెత్తుకొచ్చి చెబితే ఆవిడ మొదటన్న మాట, "తాళాలమ్మకు చెప్పు" అని. నేను ఎగిరి గంతేశాను. వెంటనే మళ్ళీ చిరాకేసింది. దిద్దినవాళ్ళు తాడు మాట ఒప్పుకుని మార్కులు వేశారో, ఒప్పుకోకుండా జాలిపడి వేశారో ఎవరికీ తెలియదు. మా దెబ్బలాట తీర్చేవాళ్ళు లేకుండాపోయారు.

ఆవిడ హెడ్డాఫీసుకు వెళ్ళేనాటికి యంత్రం మాట్లాడడం మొదలుపెట్టేసింది. ఎవరిదో పడుచు గొంతు. ఒక్కొక్కటీ ఒక్కసారే చెబుతోంది.

"ఒక్కసారి చెబితే ఎవరికి వినబడుతుందే?" అని గొణుక్కుంది మైకక్క, గది తలుపు దగ్గర నిలబడి.

ఆవిడ సామాను ఒక అట్టపెట్టెలో పట్టింది. వేళ్ళతో తడిమి చదివే చుక్కల అక్షరాల పుస్తకాలు, టీ గ్లాసు, ఒక చలికోటు. పొద్దున్నే వెళ్ళి నేనే సర్ది, నేనే తాడు కట్టాను. మోయడానికి మనిషిని పిలుస్తానని మేనేజరు అంటే వద్దన్నాను. కింద బండి ఆగి ఉంది. హెడ్డాఫీసు పట్నానికి ఆ చివర. ఇక ఫోను చేసి పోట్లాడేది ఎవరు? మధ్యాహ్నాలు నేనేం చేయాలి? అంతవరకూ పీడ విరగడవుతుందనుకున్న నాకు ఆ పూట ఏడుపు ఆగడం లేదు. అందుకే ఆవిడతో మాట్లాడకుండా పెట్టె ఎత్తుకుని ముందు నడిచాను.

మొదటి మలుపు దగ్గర తాడు ఊడిపోయింది.

"ఏమైంది, ఆగావు?" అంది వెనకనుంచి.

"తాడు ఊడింది."

"కట్టిందెవరు?"

నేను పెట్టె మెట్టు మీద దించాను. పైన యంత్రం ఏదో బస్సు గురించి చెప్పి ఊరుకుంది. ఆవిడ రెయిలింగు పట్టుకుని నా దాకా దిగింది.

"నువ్వు కట్టిన ముడి ఊడిందని ఇన్నేళ్ళలో ఈ బస్టాండులో ఒక్కళ్ళైనా అన్నారటే?"

"పాత తాడు" అన్నాను కోపంగా.

"ఊఁ" అంది. "ఇలా ఇవ్వు. ఈసారి నేను కడతా."

మెట్టు మీద కూర్చుని, వేళ్ళతో తడుముకుంటూ, తీరుబడిగా కట్టింది. కింద బండాయన హారన్ కొట్టాడు. ఆవిడ వినిపించుకోలేదు. తాడు ఒకసారి లాగి చూసి, "ఇంక ఊడదు, పద" అంది.

రెండో మలుపు దగ్గర తాడు మళ్ళీ ఊడింది. నేను పెట్టె దించాను. ఆవిడ ఏమీ అడక్కుండా మెట్టు మీద కూర్చుని, నాకూ పక్కన చోటిచ్చింది.